ఏడు గెలిచి, ఒకటి ఓడి, మూతపడింది: ఓర్లాండో అపోలోస్ కథ

(రికార్డింగు విని టైపు చేసిన పాఠం. రాలేకపోయినవాళ్ల కోసం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. ముందు ఒక లెక్క చెప్తాను, వినండి. 8 ఆటలు. 7 గెలుపులు, 1 ఓటమి. చేసిన పాయింట్లు 236, ఇచ్చుకున్నవి 136. అంటే సరిగ్గా 100 పాయింట్ల మిగులు. లీగ్‌లో ఉన్నవి 8 జట్లు. మిగతా ఏడింటిలో ఏ ఒక్కటీ అయిదు ఆటలకు మించి గెలవలేదు. ఇది ఎవరి లెక్క? ఫ్లోరిడాలోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓర్లాండో అపోలోస్‌ది, 2019లో. ఇంకో రెండు వారాల లీగ్ ఆటలు, ఆ తర్వాత ప్లేఆఫ్స్ ఉండగా ఏప్రిల్ 2న ఆ జట్టు పోయింది. ఓడి పోలేదండీ. కంపెనీ పోయింది కాబట్టి పోయింది.

ఇవాళ మాట్లాడేది దాని గురించే. ఆట గురించి కొంచెం, ఆట బయట సంగతుల గురించి చాలా. ఎందుకంటే కొత్త లీగులు మైదానంలో చావవు. జీతాల పట్టీ దగ్గర, బీమా పాలసీ దగ్గర చస్తాయి. అపోలోస్‌ని చూస్తే అది పూసగుచ్చినట్టు కనిపిస్తుంది.

అసలు ఆ లీగ్ ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. అలయన్స్ ఆఫ్ అమెరికన్ ఫుట్‌బాల్, పొట్టిగా ఏఏఎఫ్. పెట్టినవాళ్లు ఇద్దరు. ఒకరు టీవీ నిర్మాత చార్లీ ఎబర్సోల్, ఇంకొకరు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ఆ ఆటకి అమెరికాలో అన్నిటికంటే పెద్ద లీగ్‌లో, దశాబ్దాల పాటు జట్లు కట్టిన బిల్ పోలియన్. 2018 మార్చిలో ప్రకటించారు, 2019 ఫిబ్రవరి 9న మొదటి ఆట ఆడించారు. మధ్యలో ఉన్నది పదకొండు నెలలు కూడా నిండని కాలం. అందులో ఎనిమిది ఊళ్లు, ఎనిమిది స్టేడియాలు, ఎనిమిదిమంది కోచ్‌లు, నాలుగు వందల పైచిలుకు ఆటగాళ్లు. ఎందుకంత తొందర? ఎక్స్‌ఎఫ్‌ఎల్ అని ఇంకో లీగ్ 2020లో వస్తామని అప్పటికే చెప్పింది. వాళ్లకంటే ఒక ఏడాది ముందు ఉండాలి. అంతే కారణం. ఆ తొందరకి కట్టిన మూల్యం ముందుముందు మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పాయింటుకి వస్తాను. జట్టు ఎవరిది? హైదరాబాద్ వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నట్టున్నారు కాబట్టి మనకి బాగా తెలిసిన ఉదాహరణతో చెప్తాను. డెక్కన్ చార్జర్స్ గుర్తుందా? 2009లో ఐపీఎల్ కప్పు గెలిచింది. 2012 సెప్టెంబరులో దాన్ని రద్దు చేశారు. యజమాని డబ్బు కష్టాల్లో పడ్డాడు, జట్టు పోయింది. మరి ఐపీఎల్ పోయిందా? పోలేదు. హైదరాబాద్‌కి ఇంకో యజమాని వచ్చాడు, సన్‌రైజర్స్ వచ్చింది, మరుసటి ఏడాది ఆట నడిచింది. ఎందుకు నడిచిందంటే అక్కడ ప్రతి జట్టుకీ ఒక యజమాని ఉన్నాడు. ఒకడు మునిగితే ఒకడే మునుగుతాడు.

ఏఏఎఫ్‌లో అలా కాదు. ఎనిమిది జట్లకీ యజమాని ఒక్కటే, లీగ్ కంపెనీ. ఓర్లాండోకి జట్టు అధ్యక్షుడు ఉన్నాడు, కోచ్ ఉన్నాడు, టికెట్లు అమ్మే ఆఫీసు ఉంది. కానీ బ్యాంకు ఖాతా తనది కాదు. ఆటగాడి కాంట్రాక్టు మీద రెండో సంతకం అపోలోస్‌ది కాదు, లీగ్‌ది. అంటే అపోలోస్ పేరుకి జట్టు, లెక్కల్లో ఒక బ్రాంచి ఆఫీసు. హెడ్డాఫీసు మూతపడితే బాగా నడిచే బ్రాంచి మాత్రం తెరిచి ఉంటుందా?

మరి అలా ఎందుకు పెట్టుకున్నారు, తెలివితక్కువ పనా అని అడగొచ్చు. కాదండీ. దానికి గట్టి కారణమే ఉంది. ఎనిమిదిమంది వేరువేరు యజమానులు కూర్చుని 'ఏ ఆటగాడికీ ఇంతకు మించి ఇవ్వొద్దు' అని మాట్లాడుకుంటే అమెరికా చట్టంలో అది పోటీదారులు కుమ్మక్కైనట్టు. ఒకే కంపెనీ తన ఉద్యోగులందరికీ ఒకే జీతం అంటే ఆ చిక్కు చాలావరకు తప్పుతుంది. అక్కడి సాకర్ లీగ్ ఎంఎల్‌ఎస్ మొదలైందీ ఈ పద్ధతిలోనే. జీతాలు అదుపులో ఉంటాయి, ధనవంతుడైన యజమాని ఒక్కడే మంచి ఆటగాళ్లనందరినీ ఎగరేసుకుపోయే గొడవ ఉండదు. లాభం ఉంది, కాదనను. కానీ డబ్బు ఒకే గొట్టంలోంచి రావాలి. ఆ గొట్టం ఆగితే?

ఆ డబ్బు ఎంతో చూద్దాం. ఆటగాళ్లందరికీ ఒకే రకం కాంట్రాక్టు: మూడేళ్లకి 2,50,000 డాలర్లు. మొదటి ఏడాది 70,000, రెండో ఏడాది 80,000, మూడో ఏడాది 1,00,000. గ్యారంటీ లేదు, తీసేస్తే తీసేసినట్టే. జట్టుకి 52 మంది. ఎనిమిది జట్లకి 416 మంది. 416ని 70,000తో గుణించండి: 2 కోట్ల 91 లక్షల డాలర్లు. పది వారాల సీజన్ మీద పరిస్తే వారానికి 29 లక్షలు. ఇది కేవలం ఆటగాళ్ల జీతం. కోచ్‌లు, హోటళ్లు, విమానాలు, స్టేడియం అద్దె, అంపైర్లు, కెమెరాలు, బీమా ఇందులో లేవు. ఇంకో ఖర్చు కూడా ఉంది, దాన్ని జనం పట్టించుకోరు. యాప్. ఆటగాడి ఒంటి మీద సెన్సరు పెట్టి, మైదానంలో కదలికని ఫోన్లో అప్పటికప్పుడు చూపించే సాంకేతికత సొంతంగా తయారుచేయించుకున్నారు. ఆట నడుస్తుండగా పందేలు కాసేవాళ్లకి పనికొస్తుందని ఎంజీఎం రిసార్ట్స్‌తో ఒప్పందం కూడా చేసుకున్నారు. ఆలోచన బాగానే ఉంది. కానీ దాని నుంచి డబ్బు రావడానికి ఏళ్లు పడుతుంది, జీతాలు ఇవ్వాల్సింది ఈ వారం.

సరే, ఆటకి వద్దాం. లేకపోతే కొంతమంది లేచి వెళ్లిపోయేట్టున్నారు.

అపోలోస్ కోచ్ స్టీవ్ స్పర్రియర్. అప్పటికి వయసు 73. ఫ్లోరిడాలో ఈ పేరు తెలియనివాడు ఉండడు. ఆటగాడిగా 1966లో హైస్‌మన్ ట్రోఫీ, అంటే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏడాది మేటి ఆటగాడికిచ్చే బహుమతి, కోచ్‌గా ఫ్లోరిడా యూనివర్సిటీ జట్టు గేటర్స్‌కి 1996 జాతీయ చాంపియన్‌షిప్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాషింగ్టన్‌తో రెండేళ్లు చేసి చేతులు కాల్చుకున్నాడు. ఇంకొకటి గమనించండి. ఆయన హెడ్ కోచ్‌గా మొదలైందే ఇలాంటి ఆరంభ లీగ్‌లో, 1983లో, యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో, టాంపా బే బాండిట్స్‌కి. ఆ లీగూ మూడు సీజన్లకే పోయింది. ఎన్‌ఎఫ్‌ఎల్ మీద కోర్టుకెళ్లి గెలిచింది కూడా. జ్యూరీ ఇచ్చిన నష్టపరిహారం ఎంతో తెలుసా? 1 డాలరు. అలాంటి కేసుల్లో దాన్ని మూడింతలు చేస్తారు కాబట్టి 3 డాలర్లు. నవ్వకండి, నిజం.

స్పర్రియర్ ఆట అంటే బంతి విసరడం. ఏఏఎఫ్ నిబంధనలు సరిగ్గా ఆయన కోసమే రాసినట్టు ఉన్నాయి. డిఫెన్స్ నుంచి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అయిదుగురికి మించి దూకకూడదు, దూకితే పెనాల్టీ. వెనక వరసలోంచి, పక్కల నుంచి మనుషుల్ని పంపడం కూడా కుదరదు. ఎందుకు పెట్టారు ఈ నిబంధన? కొత్త లీగ్‌లో మొట్టమొదట తేలిపోయేది ఆఫెన్సివ్ లైన్, అంటే క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డుగా నిలబడే వరస. అయిదుగురు మనుషులు ఒకరి కాలి కదలిక ఇంకొకరు తెలుసుకోవడానికి నెలలు పడుతుంది. జనవరిలో శాన్ ఆంటోనియోలో ఎనిమిది జట్లకీ కలిపి పెట్టిన శిక్షణ శిబిరం వారాల లెక్కే. బ్లిట్జ్‌కి, అంటే అలా ఎక్కువమంది మీద పడడానికి, అనుమతి ఇస్తే క్వార్టర్‌బ్యాక్‌లు ఆసుపత్రిలో ఉండేవాళ్లు, టీవీలో చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

మిగతా మార్పులు గబగబా చెప్తాను. బంతిని తన్ని ఆట మొదలెట్టే కిక్‌ఆఫ్ లేదు, బంతిని సొంత 25 గజాల గీత దగ్గర పెట్టి మొదలెట్టడమే. బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్; దాని తర్వాత ఒక పాయింటు కిక్కు లేదు, తప్పకుండా రెండు పాయింట్లకి ప్రయత్నించాలి. స్కోరు చేసినవాళ్లే మళ్లీ బంతి దక్కించుకోవాలని చూసే ఆన్‌సైడ్ కిక్ బదులు, సొంత 28 గజాల గీత నుంచి నాలుగో డౌన్, అంటే చివరి అవకాశం, 12 గజాలు. దాటితే బంతి నీదే. అది ఎప్పుడంటే అప్పుడు కాదు, 17 పాయింట్లు వెనకబడ్డప్పుడో, చివరి అయిదు నిమిషాల్లో వెనకబడి ఉన్నప్పుడో. పైన బాక్సులో కూర్చుని తప్పుల్ని దిద్దే స్కై జడ్జ్ అని ఒకరు. ఇక టీవీ టైమౌట్లు లేవు. ప్రేక్షకుడికి హాయి. కానీ ఆలోచించండి, టీవీ టైమౌట్ అంటే ఏమిటి? ప్రకటన. ప్రకటన అంటే ఏమిటి? డబ్బు. ఆట వేగం పెంచడానికి ఆదాయం వచ్చే చోటే కోత పెట్టుకున్నారు.

మొదటి రాత్రి ఓర్లాండో స్పెక్ట్రమ్ స్టేడియంలో అట్లాంటా లెజెండ్స్ మీద 40–6. అందులో ఒక టచ్‌డౌన్ చూడాల్సిందే. మామూలుగా బంతి పట్టుకోవాల్సిన రిసీవర్ జేలిన్ మార్షల్ బంతి విసురుతాడు, పట్టుకునేది క్వార్టర్‌బ్యాక్ గారెట్ గిల్బర్ట్. స్పర్రియర్ ముచ్చట అది. ఆ రాత్రే సీబీఎస్‌లో వచ్చిన ఏఏఎఫ్ ఆటలకి మొదట వచ్చిన రేటింగు 2.1. అదే సమయంలో ఏబీసీలో ఉన్న ఎన్‌బీఏ మ్యాచ్‌కి 2.0. అందరూ సంబరపడిపోయారు. మొదటి రాత్రి రేటింగు చూసి లీగ్ నిలబడిందనుకోవడం చాలా పాత పొరపాటండీ. 2001లో, ఆ ఎక్స్‌ఎఫ్‌ఎల్ పేరుతోనే ముందొకసారి నడిచిన లీగ్ మొదటి రాత్రికి ఇంతకంటే చాలా ఎక్కువమందే చూశారు. ఆ లీగ్ ఒక్క సీజన్‌తో సరి.

గిల్బర్ట్ ఎనిమిది ఆటల్లో 2,152 గజాలు విసిరాడు, 13 టచ్‌డౌన్లు, ఎదుటివాళ్ల చేతికి చిక్కినవి (ఇంటర్‌సెప్షన్లు) 3. కిక్కర్ ఎలియట్ ఫ్రై గోలు స్తంభాల మధ్యకి బంతి తన్నే ఫీల్డ్ గోల్స్ 14 కొడితే 14 పడ్డాయి. ఓడిన ఒక్క ఆట అరిజోనా హాట్‌షాట్స్ మీద, 22–17, అదీ సొంత మైదానంలో.

సొంత మైదానం అన్నాను కదా, ఇక్కడే అసలు విషయం ఉంది.

కార్మిక పరిహార బీమా. అమెరికాలో ఉద్యోగం చేస్తున్నవాళ్లకి ఇది తెలుసు, వర్కర్స్ కాంప్ అంటారు. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, పని చేయలేని కాలానికి కొంత జీతం ఆ పాలసీ ఇస్తుంది. నియమాలు రాష్ట్రానికో రకం. ఫ్లోరిడా చట్టం ఏం చెప్తుందంటే, వృత్తి క్రీడాకారులు చేసేది ఈ చట్టం లెక్కలో ఉద్యోగమే కాదు అంటుంది. బాక్సర్లు, ఫుట్‌బాల్ వాళ్లు, బేస్‌బాల్ వాళ్లు, జాకీలు, అందరినీ పేరుపేరునా తప్పించింది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకి ఇబ్బంది లేదు. వాళ్లకి ఆటగాళ్ల యూనియన్‌తో ఒప్పందం ఉంది, దెబ్బలకి ఏర్పాట్లు అందులోనే ఉన్నాయి. ఏఏఎఫ్‌లో యూనియన్ లేదు. మరి అపోలోస్ ఆటగాడికి మోకాలి లిగమెంటు తెగితే? శస్త్రచికిత్స, తర్వాత తొమ్మిది నెలల దాకా కోలుకోవడం. ఎవరిస్తారు?

దీనికి దొరికిన మార్గం ఏమిటో వినండి. పక్కనున్న జార్జియా చట్టంలో క్రీడాకారులకి ఆ పరిహారం వర్తిస్తుంది. అయితే వాళ్ల పనిలో సగానికి పైగా జార్జియాలో జరగాలి. ఆటలు ఓర్లాండోలో ఆడాలి కదా, వాటిని మార్చలేరు. మార్చగలిగింది ప్రాక్టీసు ఒక్కటే. అందుకని సీజన్ మధ్యలో, ఫిబ్రవరి చివర్లో, జట్టు మొత్తాన్ని ఉత్తరానికి తరలించారు. జార్జియా సరిహద్దు దాటగానే వచ్చే కింగ్స్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్లో, కామ్డెన్ కౌంటీ హైస్కూల్ మైదానంలో ప్రాక్టీసు. బస ఏమో ఇవతల ఫ్లోరిడాలోనే, జాక్సన్‌విల్ హోటళ్లలో. పొద్దున్నే బస్సెక్కాలి, ఇంటర్‌స్టేట్ 95 మీద సెయింట్ మేరీస్ నది దాటాలి, ప్రాక్టీసు చేయాలి, మళ్లీ బస్సెక్కి వెనక్కి రావాలి. రోజూ. అగ్రస్థానంలో ఉన్న వృత్తి జట్టు, హైస్కూల్ పిల్లల మైదానంలో, పక్క రాష్ట్రంలో!

ప్రాక్టీసు అంటే రెండు గంటలు పరుగెత్తి రావడం కాదు. 52 మంది హెల్మెట్లు, ప్యాడ్లు, కాళ్లకి చుట్టే టేపు పెట్టెలు, ఐస్ తొట్లు, ఎత్తు నుంచి వీడియో తీసే కెమెరా, ఇవన్నీ ఎక్కించాలి, దించాలి. ప్రాక్టీసు అయ్యాక వీడియో చూస్తూ పొజిషన్ల వారీగా సమావేశాలు ఉంటాయి. బస్సులో గడిచే ప్రతి గంటా వాటిలోంచో, ఫిజియో దగ్గర గడిపే సమయంలోంచో కోసుకున్నదే. పైగా హోటలు బిల్లు, బస్సు బిల్లు. ఇంటి జట్టుకి కూడా బయటి ఊరి ఖర్చు! అయినా గెలుస్తూనే ఉన్నారు చూడండి, అందుకు స్పర్రియర్‌కీ ఆ కుర్రాళ్లకీ దండం పెట్టాలి.

ఇప్పుడు చెప్పండి, ఫ్లోరిడా చట్టం 2019లో కొత్తగా వచ్చిందా? లేదు. జట్టుకి ఊరు ఎంచుకునే రోజే ఒక బీమా బ్రోకరుని కూర్చోబెట్టుకుంటే ఒక్క పూటలో తేలే సంగతి. పదకొండు నెలల్లో లీగ్ లేపితే ఇలాంటివి జారిపోతాయి. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఏ లీగయినా పెట్టాలనుకుంటే, స్టేడియం అద్దె ఒప్పందం కంటే ముందు ఆ రాష్ట్రంలో దెబ్బ తగిలినవాడికి ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి.

ఇక డబ్బు కథ. మొదటి పెట్టుబడిదారుల్లో రెజీ ఫౌలర్ అనే ఆయన ఉన్నాడు. తన ఆస్తుల గురించి లీగ్‌కి అబద్ధాలు చెప్పాడన్నది తర్వాత ఆయన మీద నడిచిన ఫెడరల్ కేసులో ఒక ఆరోపణ. 2022లో నేరం ఒప్పుకున్నాడు, 2023లో 6 సంవత్సరాల 3 నెలల శిక్ష పడింది. కానీ 2019 ఫిబ్రవరిలో లీగ్‌కి తెలిసింది ఒక్కటే, రావలసిన డబ్బు రావడం లేదని. ఆట మొదలైన పది రోజులకి, ఫిబ్రవరి 19న, కరోలినా హరికేన్స్ అనే హాకీ జట్టు యజమాని టామ్ డండన్ 25 కోట్ల డాలర్ల పెట్టుబడితో వస్తున్నాడని ప్రకటన. పత్రికలన్నీ ఆ అంకె వేశాయి. కానీ పెడతానన్న డబ్బు వేరు, బ్యాంకులో పడ్డ డబ్బు వేరు. చివరికి ఆయన పెట్టింది సుమారు 7 కోట్లు.

మార్చి చివర్లో డండన్ మెలిక పెట్టాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లలో ప్రాక్టీసుకే పరిమితమైన కుర్రాళ్లని మాకు ఇవ్వాలి, ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకోకపోతే లీగ్ మూసేయాల్సి వస్తుందన్నాడు. యూనియన్ ఎందుకు ఒప్పుకుంటుంది? ఆ కుర్రాడు వసంతంలో ఏఏఎఫ్‌లో ఆడి మోకాలు పోగొట్టుకుంటే వేసవిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఉద్యోగం పోతుంది. మళ్లీ అదే ప్రశ్న, దెబ్బ తగిలితే ఎవరు కడతారు? అలాంటి ఒప్పందం కుదరాలంటే ఏళ్లు పడుతుంది. వారంలో అవుతుందా?

ఏప్రిల్ 2న అన్నీ ఆపేశారు. ఆటగాళ్ల పరిస్థితి ఏమైందంటే, ఆట లేదు, కాంట్రాక్టు మాత్రం ఉంది. వేరే చోటికి పోలేరు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 4న, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లతో సంతకం చేసుకోవచ్చని వదిలారు. ఏప్రిల్ 17న దివాలా పిటిషన్. ఆస్తులు కోటి డాలర్ల పైచిలుకు, అప్పులు 4 కోట్ల 83 లక్షలు. చేతిలో నగదు 5,36,160 డాలర్లు. ఇందాకటి లెక్క గుర్తుందా, వారానికి 29 లక్షల జీతాలు? ఆ నగదుతో రెండు రోజుల జీతం కూడా సరిగా రాదు.

దివాలాలో ఏ అధ్యాయం కింద వెళ్లారన్నది ముఖ్యం. ఏఏఎఫ్ వెళ్లింది చాప్టర్ 7 కింద. అంటే ట్రస్టీ వస్తాడు, ఉన్నది అమ్ముతాడు, అప్పులవాళ్లకి పంచుతాడు, అయిపోయింది. మరుసటి ఏడాది కోవిడ్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎల్ ఆగినప్పుడు వాళ్లు చాప్టర్ 11 కింద వెళ్లారు. అందులో కంపెనీని మొత్తంగా ఇంకొకరు కొనుక్కోవచ్చు. డ్వేన్ జాన్సన్ బృందం 1 కోటి 50 లక్షల డాలర్లకి కొన్నది, 2023లో మళ్లీ ఆడించింది. ఆ లీగ్ ఓర్లాండోకి ఒక జట్టు కూడా ఇచ్చింది, గార్డియన్స్ అని. పది ఆటల్లో ఒక్కటి గెలిచింది. మరుసటి ఏడాది ఆ లీగ్ ఇంకో లీగ్‌తో కలిసినప్పుడు దాన్నీ తీసేశారు.

ఓర్లాండో సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. 1985లో యూఎస్‌ఎఫ్‌ఎల్ రెనిగేడ్స్, ఒక సీజన్. 1991, 92లో థండర్, రెండో ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది. 2001 ఎక్స్‌ఎఫ్‌ఎల్‌లో రేజ్, 8 గెలిచి 2 ఓడి లీగ్‌లోకెల్లా మెరుగైన లెక్క. 2009లో ఫ్లోరిడా టస్కర్స్, సీజన్‌లో ఆరుకి ఆరు గెలిచి ఫైనల్లో ఓడింది. తర్వాత మన అపోలోస్. ఆ ఊళ్లో మంచి జట్టుకి కరువెప్పుడూ లేదు.

ఆటగాళ్లు ఏమయ్యారని అడుగుతారు. గిల్బర్ట్‌ని ఆ ఏప్రిల్‌లోనే క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ తీసుకుంది. 2020 నవంబరులో డాలస్ కౌబాయ్స్ తరఫున పిట్స్‌బర్గ్ మీద మొదటి నుంచీ ఆడాడు. అపోలోస్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ డెర్నెస్ట్ జాన్సన్, ఏఏఎఫ్‌కి ముందు కీ వెస్ట్‌లో చేపల పడవ మీద పనిచేసిన కుర్రాడు, అతన్నీ బ్రౌన్సే తీసుకుంది. 2021 అక్టోబరులో అసలు ఆడాల్సిన ఇద్దరూ దెబ్బలతో కూర్చుంటే ఇతన్ని దింపారు. డెన్వర్ మీద ఆ రాత్రి 146 గజాలు పరుగెత్తాడు. మూడేళ్ల కాంట్రాక్టు అసలు ప్రకారం నడిచి ఉంటే అతనికి అది ఏఏఎఫ్‌లో మూడో ఏడాది అయ్యుండేది, 1,00,000 డాలర్ల ఏడాది.

ప్రశ్నలు ఉంటే అడగండి. బీమా గురించైతే ముందు అడగండి, దానికే ఎక్కువ సమయం పడుతుంది.